రాయబారమును, కారాగారమును

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి దౌత్యమును గూర్చి ప్రసంగము వచ్చినపుడెల్ల మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములవారు గర్వముతో తల లూపుదురు. వారు పుట్టిన తిరుత్తని 1911 మొదలు 1960 వఱకు చిత్తూరు జిల్లాలోనిదే. బాల్యమున చదివినది తిరుపతి లూథరన్ మిషను పాఠశాలలో. 1949లో సోవియట్ దేశమునకు రాయబారిగా వెళ్లి, 1950 జనవరిలో స్టాలినుతో సంభాషించిరి. అంతకుముందటి రాయబారి విజయలక్ష్మీ పండిట్ గారికి ఆ దర్శనమే లభింపలేదు. రక్తపాతముచే గెలిచి పిమ్మట విరక్తుడైన యశోకుని కథ చెప్పి, మీకును అట్టి మార్పు రాకూడదా యని వారు సూచించినట్లు ప్రసిద్ధి. లక్షలకొలది జనులను నిర్బంధశిబిరములకు పంపినవానియెదుట అంతమాట యనుటకు ధైర్యము కావలయును. దానిని మేము తక్కువ చేయము.

కాని, ఈ కథతో కమ్యూనిజమునకు సమాధానము దొరకినదని చేతులు దులుపుకొనువారితో మాకు తగవు కలదు. నాడు మన జిల్లా మదరాసు ప్రభుత్వము క్రిందిది. ఆ ప్రభుత్వము 1949లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించెను. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలునకు వచ్చెను. పదునాఱు దినములకు, ఫిబ్రవరి 11న, సేలము కారాగారములో కాల్పులు జరిగి 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు మరణించిరి. వారు గోడల లోపల, ప్రభుత్వపు సంరక్షణలో నున్నవారు. మాస్కోలో చెప్పిన యశోకుని కథకు ఇంతకంటె గట్టి ఖండనమును స్టాలినే వ్రాయగలిగెడివాడా?

తెలంగాణములో సాయుధపోరాటము నడచుచుండ మెత్తదనము పనికివచ్చునా యందురు. అచ్చట కమ్యూనిస్టులు చేసిన హత్యలను మేము సమర్థింపము. హంతకుని న్యాయస్థానమునకు ఈడ్చుడు. పత్రిక నేల ఆపవలె? బొంబాయి వారపత్రిక 'క్రాస్ రోడ్స్' మదరాసు రాష్ట్రమునకు రాకుండ చేసిన యుత్తరువును 1950 మే నెలలో సుప్రీంకోర్టు కొట్టివేసెను. ప్రజాస్వామ్యము పంపదగిన రాయబారము అదియే. మన పాలకులో, మఱుసటి యేడే రాజ్యాంగమును సవరించి, ప్రజాశాంతి పేరిట వాక్స్వాతంత్ర్యమునకు హద్దులు బిగించిరి.

మన యిండ్లు మాత్రము వేఱుగా నున్నవా? కుమారుడు తెచ్చిన యెఱ్ఱయట్ట పుస్తకమును పొయ్యిలో వేసి, సాయంకాలము సభలో భావస్వాతంత్ర్యమును గూర్చి యుపన్యసించు పెద్దలను మేమెఱుగుదుము. ఆ కుఱ్ఱవాడు అశోకుని కథ విని యేమనుకొనవలె?

వేఱు దారి లేకపోలేదు. 1951 అక్టోబరులో తెలంగాణ పోరాటము విరమింపబడెను. హైదరాబాదులో పార్టీపై నిషేధముండుటచే వేఱు పేరుతో నిలిచిన రావి నారాయణరెడ్డిగారు 1952లో నల్లగొండనుండి, నెహ్రూగారికంటె నెక్కువ వోట్లతో పార్లమెంటునకు వచ్చిరి. వారిని నోరు మూయించి పంపలేదు. కుర్చీ యిచ్చి కూర్చుండబెట్టిరి. 1955 ఆంధ్ర యెన్నికలలో అధికారము తమదేయని నమ్మిన కమ్యూనిస్టులకు దక్కినవి 15 స్థానములు. ఆ పదునైదుగురును శాసనసభకు వెళ్లి ప్రతిపక్షమున కూర్చుండిరి.