పోర్ట్‌లాండ్ హరిత నిధి
అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బడా చిల్లర వర్తక సంస్థల స్థానిక అమ్మకాలపై ఒక శాతం అదనపు రుసుముతో ఏర్పడిన స్వచ్ఛ ఇంధన నిధిని నగరపాలక విభాగాల అవసరాలకు మళ్లించడం సమర్థనీయం కాదు. 2018లో ఓటర్లు స్వయంగా ఆమోదించిన ఈ నిధి, పేదల ఇళ్లకు సౌరఫలకాలు, ఇంధనం ఆదా చేసే మరమ్మతులు సమకూర్చే స్థానిక సంఘాలకు గ్రాంటు, అంటే తిరిగి చెల్లించనక్కరలేని సాయం, అందించేందుకు ఉద్దేశించినది. రాబడి తొలి అంచనాలను మించిన మాట నిజమే గాని, 2021 జూన్ వడగాడ్పులకు ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటినప్పుడు ఏసీలు లేని ఇళ్లలో ఒంటరిగా ఉన్న వృద్ధులు ఎందరో మరణించిన నగరంలో ఆ సొమ్ము మిగులు కాజాలదు. చిన్న సంఘాలకు దరఖాస్తులలో, లెక్కల నిర్వహణలో చేయూతనివ్వడం, మళ్లింపు అనివార్యమైతే ఓటర్ల సమ్మతి కోరడం నగర మండలి బాధ్యత.