ఇసుక ఏది వదినా?

మొన్న పక్కింటి వదిన గోతం పట్టుకుని మా వాకిట్లో నిలబడింది. లోపల నెలన్నర పిల్లిపిల్ల. ఎలుకలు బియ్యం మూటలు కొరుకుతున్నాయని వారం కిందటే తెచ్చుకుంది.

"మంచం కింద, బట్టల మీద, ఎక్కడ పడితే అక్కడ పోస్తోంది. మూతి అందులోనే రుద్దినా బుద్ధి రాలేదు. సాయంత్రం మీ అన్న వాగు అవతల వదిలేసి వస్తాడు" అంది.

గోతం నేనే తీసుకున్నాను. కానీ కోపం మాత్రం ఇంకా పోలేదు. ఆమె ఒక్కదాని మీదే కాదు, మనందరి మీదా.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలంటారు కదా, అందుకని చంపం. ఊరవతల వదిలేస్తాం. వేట రాని, కుక్కల్ని తప్పించుకోలేని పసిదాన్ని అలా వదలడాన్ని ఏమనాలి? ఆకలిదప్పులతో బాధపడేలా జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. బంగారు పిల్లి కన్నా చాలా చవక! అందుకే చట్టానికి భయపడమనను. కాస్త ఆలోచించమంటాను.

పుట్టిన మూడు వారాల దాకా తల్లి నాకితేనే పిల్లకు ఒంటికీ రెంటికీ వస్తుంది. నాలుగో వారం నుంచి మెత్తటి మట్టి కనిపిస్తే తనే తవ్వుతుంది, తనే కప్పెడుతుంది. శుభ్రం దాని పుట్టుకలోనే ఉంది. ఒకప్పుడు మన పెరట్లో మట్టి ఉండేది, పొయ్యి పక్కన బూడిద ఉండేది. ఇప్పుడు గడప నుంచి ప్రహరీ దాకా సిమెంటు చేసేశాం. పైగా తలుపులు మూసేస్తాం. తవ్వడానికి విడిచిన బట్టల కుప్ప తప్ప దానికేం మిగిలింది?

మూతి రుద్దితే దానికి అర్థమయ్యేది ఒక్కటే, మనమంటే భయపడాలని. మళ్ళీసారి మనకు కనపడకుండా మంచం కిందికి దూరుతుంది.

నేను చేసింది చెప్తాను. పాత ప్లాస్టిక్ బేసిన్ అంచు ఒకవైపు తగ్గించి, జల్లించిన ఇసుక రెండంగుళాలు పోశాను. అన్నం గిన్నెకు దూరంగా పెట్టాను. మొదట ఒకే గదిలో ఉంచి, తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే అందులో దింపాను. బయట పోస్తే తుడిచిన గుడ్డ ఇసుకలో కాసేపు ఉంచాను, ఆ వాసనే దారి చూపిస్తుంది. రోజుకి రెండుసార్లు తీసి పారేశాను. ఫినాయిల్ వాడలేదు, అది పిల్లులకు విషం. ఆవుపాలు చాలా పిల్లులకు అరగక విరేచనాలవుతాయి, అందుకని మానేసి మంచినీళ్ళు, ఉడికించిన కోడిమాంసం ముక్కలు పెట్టాను.

"ఇంత చాకిరీ ఎవరు చేస్తారు?" అంటారేమో. మన పిల్లలకు రెండేళ్ళు గుడ్డలు మార్చలేదా? కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రం ఈ బేసిన్ కడిగే పని ఇంకొకరికి అప్పగించాలి. ఆ ఒక్క మినహాయింపు న్యాయమైనదే.

తొమ్మిదో రోజు వదిన వచ్చింది. పిల్ల ఇసుక తవ్వి, పని కానిచ్చి, కప్పెట్టడం చూసింది.

"మా ఇంట్లో ఎందుకు చెయ్యలేదే?"

"మీ ఇంట్లో ఇసుక ఏది వదినా?"

ఆమె మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు పిల్లను ఎత్తుకుంది. బేసిన్ కూడా అడిగి తీసుకెళ్ళింది.