నెగెటివ్‌లో ముఖం ఉంది, ఫోటోలో లేదు



కోరుట్లలో మూతపడ్డ ఒక స్టూడియో నుంచి జగిత్యాల హాస్టల్ పిల్లలం పాత ఎన్లార్జర్ తెచ్చినప్పటి నుంచి రెండు మాటలు వింటున్నం. పాత సామానోళ్లకు వేస్తే చాయ్ పైసలన్న వస్తయని ఒకటి. నెగెటివ్‌లను ఫోన్‌తోని స్కాన్ చేస్తే అయిపోయేదానికి ఇంత కష్టం ఎందుకని ఇంకోటి. రెండో మాటలో న్యాయం ఉంది, స్కాన్ కూడా చెయ్యాలె. అయినా ఈ మిషన్‌ను బాగు చేసి వాడాలనే మేం అంటున్నం.

మన ఇండ్లల్ల ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు ఒకసారి తీసి చూడుండ్రి. తాత ధోతి, రుమాలు తెల్లగ మెరుస్తుంటయి. ముఖం మాత్రం బొగ్గు ముద్ద, కండ్లు తప్ప ఏం కనపడదు. మనోళ్లు నల్లగుంటరు, ఫోటోలో గట్లనే వస్తరని మనమే నవ్వి ఊకుంటం. స్టూడియోలో దొరికిన నెగెటివ్‌లను కిటికీ వెలుగుకు పెట్టి చూసినం. చాలా వాటిలో చెంపల మీది ముడతలు, మీసం, చెవి పోగులు అన్నీ ఉన్నయి. పోయింది ప్రింట్ తీసేటప్పుడు.

ఎన్లార్జర్‌లో బల్బు వెలుగు నెగెటివ్ గుండా దిగి, లెన్స్‌తో పెద్దగై కింద పేపర్ మీద పడ్తది. వెలుగు ఎంత పడితే పేపర్ అంత నల్లబడ్తది. తెల్ల ధోతి మడతలు రావాలంటే ఎక్కువ సేపు వెలుగియ్యాలె, అంతసేపట్లో ముఖం మాడిపోతది. అందుకే పని తెలిసినోళ్లు ముఖం మీద పడే వెలుగును కొన్ని సెకన్లు చేతి నీడతో ఆపుతరు. చెయ్యి కదుపుతనే ఉండాలె, లేకుంటే నీడ అంచు గీత లెక్క పడ్తది. పెండ్లిళ్ల సీజన్‌లో గడబిడగా ప్రింట్లు తీసేటోళ్లకు ఒక్కో ముఖానికి ఆ నాలుగు సెకన్లు ఎక్కడియి? వాళ్లను తిట్టుడు మా ఉద్దేశం కాదు. ఇప్పుడు ఆ సెకన్లు మన చేతిలో ఉన్నయి.

కొమురం భీం అమరుడైన 1940 తర్వాత హైమెండార్ఫ్ ఆదిలాబాద్ గూడేల్లో తిరిగి మస్తు ఫోటోలు తీసిండు, 1948లో రాజ్ గోండుల మీద పుస్తకం వేసిండు. ఆ ఫోటోలు లండన్‌లో సోయాస్‌లో భద్రంగ ఉన్నయి. గొప్ప పనే. కాని మన దిక్కు తాతలు, అమ్మమ్మలు స్టూడియోకు పోయి పైసలిచ్చి దిగిన ఫోటోల నెగెటివ్‌లను ఎవరు భద్రం చేస్తరు? అవి అటకల మీద, ఎలుకలు కొరికిన అట్ట డబ్బలల్ల ఉన్నయి.

మిషన్ సంగతికొస్తే, తుప్పు పైపైదే. బెల్లోస్ చినిగిన కాడ నల్ల గుడ్డ అతికించినం. ఫోకస్ స్క్రూ పోతే సిరిసిల్లలో మరమగ్గాల సామాను చేసే లేత్ షాపులో చేయించినం. లెన్స్ బూజు తుడిస్తే పోయింది, ఒక మూల మచ్చ మాత్రం ఉండిపోయింది. ఒళ్లంతా ఇనుమే, మన చేతులేమో తడి, కాబట్టి వైరు మొత్తం ఎర్తింగ్‌తోని కొత్తది వేసినం. బల్బు పాల రంగుదే ఉండాలె. దాని మీద కంపెనీ అక్షరాలుంటే అవి సుత ఫోటోలో పడ్తయి!

అసలు కష్టం పేపర్. ఊటీలో 1960లో పెట్టిన సర్కారు కంపెనీ హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ 'ఇందు' పేరుతో అమ్మేది, అది మూతపడ్డది. ఇప్పుడు బయటి దేశాల పేపరే, పిరం. అందుకే ముందుగాల చిన్న ముక్క మీద రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది సెకన్లు ఇచ్చి చూసుకుంటున్నం. డెవలపర్ 20 డిగ్రీల కాడ ఉండాలె, మన ఎండలకు ట్రే కింద ఐసు పెట్టక తప్పదు. వాడిన హైపోలో వెండి కలిసి ఉంటది, మోరీలో పోయొద్దు.

ఎర్ర బల్బు కింద తెల్ల పేపర్ మీద మొదటి ముఖం తేలినప్పుడు అందరం చప్పుడు బంద్ చేసినం. ఎవరి నాయినమ్మనో మాకు తెల్వది. నుదుటి మీద పచ్చబొట్టు కనపడ్డది.

ఆమె ఫోటో గ్రూపులో పెట్టలేదు, ఇంటోళ్లను అడగకుండా పెట్టం. హాస్టల్‌లో వాడని స్టోర్ రూం ఒకటి డార్క్ రూంకు అడుగుదాం, మీరు కూడా సంతకాలు పెట్టుండ్రి. మీ ఊర్ల పాత స్టూడియోలుంటే పోయి అడుగుండ్రి. నెగెటివ్‌లను కడగొద్దు, అంచులు పట్టుకొని తీయుండ్రి, ఒక్కోటి కాగితం కవర్లో పెట్టి, కవర్ మీద ముందే పెన్సిల్‌తో ఊరు పేరు రాయుండ్రి.