నీ ప్రాసెసర్ ముసలిదని ఎవడు చెప్పాడు?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను గంజాంను కుదిపేసి వెళ్లిన వారానికి ఇంటెల్ కోర్ ఐ9-9900కె మార్కెట్‌లోకి వచ్చింది. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు, 5 గిగాహెర్ట్జ్. అప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగావు. ఇవాళ నలుగురిలో దాని పేరెత్తడానికి నీకు నామోషీ. మధ్యలో ఆ చిప్ చేసిన నేరం ఏమిటి? ఏమీ లేదు. నిన్న ఎన్ని లెక్కలు చేసిందో ఇవాళా అన్నే చేస్తోంది. బరంపురంలో ఏ కంప్యూటర్ షాపుకైనా వెళ్లి చూడు, కౌంటర్ వెనక కుర్రాడు "ఇంకా నైన్త్ జెన్నేనా భాయ్?" అని ఒక జాలిచూపు పడేస్తాడు. మదర్‌బోర్డు, ర్యాము కలుపుకుంటే ఆ చూపు ఖరీదు అర లక్ష దాటుతుంది. ఎక్కడ ఆగుతుందో వాడికీ తెలియదు.

పెళ్లినాటి బరంపురం పట్టు జోడును ముప్ఫై ఏళ్లయినా బీరువాలో మడత నలగకుండా దాచుకునే ఇళ్లు మనవి. ఆ ఇంట్లోనే ఏడేళ్లు దాటిన చిప్‌ను చూసి ముక్కు మూసుకుంటున్నారు.

నేననేది ఒక్కటే. కొలవకుండా కొనేవాణ్ని గేమర్ అనరు, గిరాకీ అంటారు.

కోపం వచ్చిందా? రానీ. ఇవాళ రాత్రే నీకిష్టమైన గేమ్ తెరువు. ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితమే, దించుకుని ఫ్రేముల లెక్కా జీపీయూ వాడకమూ తెరమీద కనపడేలా పెట్టుకో. జీపీయూ 97, 98 శాతం దగ్గర కొట్టుకుంటోందా? అయితే నీ ప్రాసెసర్ తన పని ముగించుకుని గ్రాఫిక్స్ కార్డు కోసం కాళ్లూపుకుంటూ కూర్చుందని అర్థం. ఇంకా నమ్మకం కుదరకపోతే రిజల్యూషన్‌ను 1440 నుంచి 1080కి, అక్కణ్నుంచి 720కి దించు. ఫ్రేములు ఎగబాకాయా, ప్రాసెసర్ నిర్దోషి. అంగుళం కదల్లేదా, అప్పుడు దాన్ని బోనెక్కించు. ఇంతా చేస్తే ఐదు నిమిషాల పని. అర లక్ష ఖర్చు పెట్టడానికి సిద్ధపడ్డవాడికి ఈ ఐదు నిమిషాలు బరువైపోతున్నాయి, అదీ విడ్డూరం!

"యూట్యూబ్‌లో గ్రాఫు చూశానండీ, కొత్త చిప్‌కి ఫ్రేములు దాదాపు రెట్టింపు" అంటావు. చూశావు, సరే. ఆ గ్రాఫు కింద సన్న అక్షరాలు చదివావా? ఆర్‌టీఎక్స్ 4090 తోనో 5090 తోనో, 1080 రిజల్యూషన్‌లో చేసిన పరీక్ష అది. గ్రాఫిక్స్ కార్డు అడ్డు పడకుండా ప్రాసెసర్ల మధ్య తేడా కనపడాలంటే పరీక్ష అలాగే చేయాలి, అందులో మోసం లేదు. ఆ గ్రాఫు చూసి 3060 కార్డూ 60 హెర్ట్జ్ మానిటరూ ఉన్నవాడు "నాకూ రెట్టింపు" అని కలలు కనడంలోనే ఉంది మోసం. ఆ కలను చెదరగొట్టే మాట వీడియో చేసేవాళ్లలో కొందరు ఒక్కటంటే ఒక్కటి చెప్పరు, ఎందుకంటే కింద వివరణలో కొనుగోలు లింకు వేలాడుతోంది. సెకనుకు 60 సార్లు మాత్రమే మారే తెరమీద 180 ఫ్రేములు పోసి ఏం చూస్తావు తమ్ముడూ? తెర మార్చు, కళ్లకు తేడా తెలుస్తుంది.

ఇంకో నిజం చెబుతాను, గొంతు దిగదు. 2020 నవంబరులో వచ్చిన పీఎస్5లో ఉన్నది ఏఎమ్‌డీ జెన్ 2, ఎనిమిది కోర్లు, వేగం గరిష్ఠంగా 3.5 గిగాహెర్ట్జ్. ఇవాళ్టికీ పెద్ద గేమ్‌లు చాలావరకు ఆ పెట్టెలో ఆడేలాగే కడుతున్నారు. మరి 5 గిగాహెర్ట్జ్ దాకా పోయే నీ ఎనిమిది కోర్లు అప్పుడే శ్మశానానికి ఎలా పోయాయి? "జీటీఏ 6 వస్తోంది, ఇప్పుడే మార్చుకోండి" అని బేరం పెట్టేవాళ్ల సంగతి మరీ ఘోరం. రాక్‌స్టార్ ఆ గేమ్‌ను ప్రకటించింది పీఎస్5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకీ. పీసీ అన్న మాటే లేని ప్రకటన చూపించి పీసీ అమ్ముతున్నారు, నువ్వు సంచి పట్టుకుని బయల్దేరావు.

నీ యంత్రం నెమ్మదించిందన్నది అబద్ధమని నేననడం లేదు. ఎందుకు నెమ్మదించిందో చూడమంటున్నాను. పక్క మూత విప్పు. గోపాలపూర్ వైపు నుంచి వచ్చే తేమగాలి, ఊళ్లో దుమ్ము, రెండూ కలిసి కూలర్ రేకుల మధ్య బూడిదరంగు గొంగళిలా పేరుకుని ఉంటాయి, గోటితో లాగితే పీలికలుగా వస్తాయి. కూలర్ ఎత్తితే ఏళ్లనాటి థర్మల్ పేస్టు ఎండి పెళుసై రాలుతుంది. 9900కె 100 డిగ్రీలు తాకగానే తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో, ఊపిరాడని కేబినెట్‌లో దాన్ని మగ్గబెట్టి "పాతదైపోయింది" అంటావా? ఒక బ్రష్షు, ఒక పేస్టు ట్యూబు. ఖర్చు వందల్లో.

ర్యాము సంగతి అడగనే అక్కర్లేదు. 3200 అని డబ్బులిచ్చి కొన్న డీడీఆర్4, బయోస్‌లో దాని అసలు వేగాన్ని తెరిచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయనందుకు 2133 దగ్గరో 2666 దగ్గరో పాకుతుంటుంది. రెండు కర్రలుండాల్సిన చోట ఒక్క కర్ర గుచ్చి సింగిల్ చానెల్‌లో నడిపే మహానుభావులూ ఉన్నారు. వీళ్లే గ్రూపుల్లో చేరి "ఇంటెల్ పని అయిపోయింది" అని తీర్పులిస్తారు.

ఇక కంపెనీల నీతి. 2007 జనవరిలో కోర్ 2 క్వాడ్ క్యూ6600, 2017 జనవరిలో ఐ7-7700కె. పదేళ్లు గడిచినా మామూలు డెస్క్‌టాప్‌కు ఇంటెల్ విదిలించింది ఆ నాలుగు కోర్లే. అదే 2017 మార్చిలో ఏఎమ్‌డీ ఎనిమిది కోర్ల రైజెన్‌తో దిగింది. అంతే, అక్టోబరుకల్లా ఇంటెల్‌కు జ్ఞానోదయమై ఆరు కోర్ల 8700కె ఊడిపడింది. సాకెట్‌లో పిన్నులు అదే 1151. అయినా పాత జెడ్270 బోర్డు పనికిరాదన్నారు. ఔత్సాహికులు కొన్ని పిన్నులకు టేపు అంటించి, బయోస్ మార్చి, అదే పాత బోర్డు మీద కొత్త చిప్‌ను నడిపి చూపించారు. పనికిరానిది బోర్డు కాదు, కంపెనీ మాట.

కొత్తది కొంటే నిశ్చింత అంటావా? 13, 14 తరాల ఖరీదైన చిప్‌లు అధిక వోల్టేజీతో తమను తాము కాల్చుకుంటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని, మైక్రోకోడ్ సవరణలు పంపి, వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 9 285కె చాలా గేమ్‌లలో తన ముందు తరం 14900కె కంటే వెనకబడింది. కొత్తదాని కొత్తదనం ఇలా ఏడ్చింది.

2025 అక్టోబరు 14 తారీకు గుర్తుపెట్టుకో. ఆ రోజు మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. 2030కల్లా గాలిలోకి వదిలేదానికంటే ఎక్కువ కార్బన్‌ను వెనక్కి తీస్తామని 2020లో ప్రతిజ్ఞ చేసిన పుణ్యాత్ములే, నిక్షేపంగా నడిచే 7700కెను విండోస్ 11 జాబితాలోంచి గెంటేశారు. (నీ 9900కె జాబితాలోనే ఉంది, కంగారు పడకు.) అదే రోజు, రైలెక్కితే పూట ప్రయాణమైన విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని గూగుల్ ప్రకటించింది. మనవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ప్రపంచమంతా ఇలాంటి ఏఐ డేటా సెంటర్లు ర్యామును మింగుతుంటే నీలాంటివాడికి దొరికే ర్యాము ధర నింగికెక్కింది. ఆ డిసెంబరులో మైక్రాన్ ఏకంగా క్రూషియల్ బ్రాండుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మూసేస్తున్నామని చెప్పింది. ఏఎమ్‌డీ కొత్త చిప్‌లకు కావలసిన ఏఎమ్5 బోర్డు డీడీఆర్5 తప్ప ముట్టదు. అంటే నీ డీడీఆర్4 కర్రలు కూడా వృథా. ప్రాసెసర్ ఒక్కటే మారుస్తున్నానని ఇంట్లో చెప్పినవాడా, ఇప్పుడు లెక్క మళ్లీ చెప్పు.

ఇంట్లో అన్నాను కదా, ఆ డబ్బు ఎవరిది? గంజాంలో ఎన్ని ఇళ్లు సూరత్ పవర్‌లూమ్‌ల మీద ఆధారపడి బతుకుతున్నాయో నీకు ఒకరు చెప్పాలా? 12 గంటల షిఫ్టు, చెవులు చిల్లులు పడే మగ్గాల రొద, ఒకే గదిలో వంతులవారీగా నిద్ర. అక్కణ్నుంచి వచ్చిన డబ్బుతో రంగురంగుల లైట్లు వెలిగించి "ఫ్యూచర్ ప్రూఫ్" అంటున్నావు. అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అనలేదు.

"అయితే ఎప్పటికీ మార్చొద్దా?" అని వెక్కిరించే పిసినారి సంఘానికీ నాలుగు అక్షింతలు వేయాలి. నాలుగు కోర్ల చిప్‌తో సైబర్‌పంక్ 2077 జనసమ్మర్దంలో ఇరుక్కుని, బల్దర్స్ గేట్ 3 మూడో అంకంలో ఊరు అడుగడుక్కీ తట్టుకుంటుంటే "బానే ఆడుతోంది" అని బుకాయించేవాళ్లు వీళ్లు. సగటు ఫ్రేములు చూపించి సంబరపడతారు, ఒక శాతం కనిష్ఠం, అంటే అతి నెమ్మదైన ఫ్రేముల లెక్క అడిగితే నోరు పెగలదు. 240 హెర్ట్జ్ తెరమీద కౌంటర్ స్ట్రైక్ 2 పోటీలు ఆడేవాడు, ఫ్లైట్ సిమ్యులేటర్, సిటీస్ స్కైలైన్స్ 2 లాంటివాటిలో బతికేవాడు, పరీక్షలో ప్రాసెసరే దోషి అని తేలినవాడు కచ్చితంగా మార్చాలి. మార్చేటప్పుడు సగం సగం వేషాలొద్దు. 9700కె తీసి సెకండ్ హ్యాండ్ 9900కె పెట్టడం డబ్బు చెరువులో పారేయడమే. ఏఎమ్‌డీ ఏఎమ్4 బోర్డు ఉంటే 5700ఎక్స్3డీనో 5800ఎక్స్3డీనో దొరికినచోట పట్టుకో, బోర్డూ ర్యామూ అలాగే ఉంటాయి. మరేదైనా అయితే 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ స్థాయికి ఒకేసారి దూకు, మళ్లీ ఐదేళ్లు నోరు మూసుకో.

దానికి ముందు ఒక యూపీఎస్ కొను. తుపాను పేరు వినగానే కరెంటు తీసే ఊళ్లో కొత్త చిప్ కంటే అదే ముందు అవసరం.

షాపు మెట్లెక్కే ముందు ఆ జీపీయూ శాతం ఎంతో కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. ఆ అంకె లేకుండా వెళ్తావా, వెళ్లు, డబ్బు నీది, ఇష్టం నీది. తిరిగొచ్చాక "అన్నా, ఫ్రేములు పెరగలేదేంటి" అని మాత్రం నన్ను అడగొద్దు.