టర్బో మనమే బిగిద్దామా?

పదిహేడేళ్ళ మా వాడు నెల రోజులుగా ఒకటే పోరు: "నాన్నా, నా పాత సివిక్‌కి టర్బో కిట్ గరాజ్‌లో మనిద్దరమే బిగిద్దాం!"

బోల్టులు బిగించగలం. కానీ 7 పీఎస్ఐ ఒత్తిడితో ఇంజన్‌లోకి ఇంచుమించు ఒకటిన్నర రెట్ల గాలి వెళుతుంది. అందుకు తగ్గ ఇంధనం అందకపోతే పిస్టన్లు కరిగిపోవచ్చు. నేను రాసే ప్రోగ్రామ్‌లో తప్పొస్తే దిద్దుకోవచ్చు. కరిగిన పిస్టన్‌ని దిద్దలేం. పైగా మా కాలిఫోర్నియాలో ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి నంబరు లేని కిట్ పెడితే స్మాగ్ పరీక్ష గట్టెక్కదు.

"అయితే వద్దంటావా?" మొహం చిన్నబోయింది.

వచ్చే ఏడు కాలేజీకెళ్ళిపోతాడు. నాతో గడుపుతానని మళ్ళీ ఎప్పుడడుగుతాడు?

"టర్బో సంగతి అనుమతి ఉన్న కిట్ దొరికాక, తెలిసిన మెకానిక్‌తో చూద్దాం. ఈ శనివారం బ్రేక్ ప్యాడ్లు మనమే మారుద్దాం" అన్నాను. వేగం పెంచేముందు ఆగడం నేర్చుకోవాలి కదండీ!