ప్రమోటరే కొంటుండు, ఇంకేం గావాలె?

సంక్రాంతి సెలవులకి హన్మకొండ వెళ్ళినప్పుడు మా చిన్నమ్మ కొడుకు ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. కాజీపేట వైపు ప్లాటు కొందామని దాచిన ఆరు లక్షలు బ్యాంకులో ఉన్నాయి. ఆ ఆరు లక్షలూ తీసి ఒకే ఒక్క షేర్లో పెడతానంటాడు. హైదరాబాద్ కంపెనీయే, పేరు మాత్రం రాయను. అమ్మకాలూ లాభాలూ ఏటా నలభై శాతం పెరుగుతున్నాయి, పీఈ అరవై. ఎందుకురా ఇంత ధైర్యం అంటే సమాధానం రెడీగా ఉంది.

"అన్నా, ప్రమోటరే మార్కెట్ల కొంటుండు. కంపెనీ లోపటి ముచ్చట ఆయనకంటె ఎక్కువ ఎవలకెరుక? ఇంకేం గావాలె?"

వినడానికి చాలా సబబుగా ఉంది కదా. ఒకప్పుడు నేనూ ఇదే మాటన్నాను. అందుకే ఇదంతా రాయాలనిపించింది. (ముందే చెప్పేస్తున్నా, నేను సెబీ రిజిస్టర్డ్ అడ్వైజర్ని కాను. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. నా లెక్కలు నమ్మి మీ డబ్బులు పెట్టకండి.)

మార్కెట్లో ఒక పాత నమ్మకం ఉంది. లోపలి మనిషి షేర్లు అమ్మితే దానికి సవాలక్ష కారణాలుంటాయి, ఇల్లు కట్టుకోవడం, కూతురి పెళ్ళి, టాక్సులు... కానీ కొంటే మాత్రం రేటు పెరుగుతుందనే కొంటాడు అని. అమెరికాలో ఇది కొంతవరకు చెల్లుతుందేమో. అక్కడ పెద్ద కంపెనీల సీఈఓల్లో చాలామంది జీతగాళ్ళే, సొంత జేబులోంచి తీసి కొంటే అది వార్తే. మన దగ్గర కథ వేరు. ఇక్కడ ప్రమోటరంటే సగం కంపెనీ చేతిలో ఉన్న కుటుంబం. అరవై శాతం వాటా ఉన్నాయన ఇంకో 0.1 శాతం కొంటే ఆయనకి కొత్తగా ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. పైగా కొనడానికి బోలెడు కారణాలు కూడా ఉంటాయి.

నా సంగతే చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న కంపెనీ గురించి "ప్రమోటర్లు 210 రూపాయలకి వాటా పెంచుకుంటున్నారు" అని వార్తొచ్చింది. నేను వెంటనే 240కి కొన్నాను. ఆయన కంటే ముప్పై రూపాయలే కదా ఎక్కువ అనుకున్నాను. తీరా చూస్తే ఆయన కొన్నది షేర్లు కాదు, వారెంట్లు. మన రూల్స్ ప్రకారం వారెంటుకి ముందు పాతిక శాతం కడితే చాలు, మిగతా 75 శాతం కట్టడానికి 18 నెలల టైముంటుంది. కట్టకపోతే ఆ పాతిక శాతం జప్తవుతుంది, అంతే. పద్దెనిమిది నెలలయ్యేసరికి షేరు తొంభైకి వచ్చింది. ఆయన చక్కగా వదిలేసుకున్నాడు. వారెంటుకి యాభై రెండున్నర రూపాయలు పోయాయి, నాకు షేరుకి నూటయాభై. ఇంకో తమాషా ఏంటంటే, జప్తయిన ఆ డబ్బు ఎక్కడికీ పోదు, కంపెనీలోనే ఉంటుంది. ఆ కంపెనీలో సగం పైన ఆయనదే. చట్టప్రకారం ఆయన చేసింది తప్పేం కాదు. ఆయన కొన్నది ఆప్షను, నేను కొన్నది షేరు. ఆ తేడా ప్రకటనలో రాసే ఉంది. నేనే చదవలేదు.

ఇంకో రకం ఉంది, అది ఇంకా ప్రమాదం. ప్రమోటరు తన షేర్లు తాకట్టు పెట్టి వందల కోట్లు అప్పు తెస్తాడు. రేటు పడితే అప్పిచ్చినవాళ్ళు ఇంకా షేర్లు తాకట్టు పెట్టమంటారు, లేదా ఉన్నవి అమ్మేస్తారు. అప్పుడు ఒక యాభై లక్షలు పెట్టి మార్కెట్లో నాలుగు షేర్లు కొని "మాకు కంపెనీ మీద నమ్మకం ఉంది" అనిపించుకోవడం ఆయనకి చాలా చవకైన పని. ఆ కొనుగోలు వెనక నమ్మకం ఉందో భయం ఉందో బయటినుంచి మనకి తెలీదు.

తాకట్టు అనగానే మన ఐటీ వాళ్ళకి గుర్తు రావాల్సిన తేదీ 2009 జనవరి 7. మా వాడికి అప్పటికి పదేళ్ళు కూడా లేవు. సత్యం అంటే వాడికి కాలేజీలో మేనేజ్‌మెంట్ సబ్జెక్టులో చదువుకున్న ఒక కేస్ స్టడీ, అంతే. వాడు రోజూ వెళ్ళే మడికొండలోనే 2020 జనవరిలో టెక్ మహీంద్రా ఆఫీసు తెరిచింది. 2013లో ఆ టెక్ మహీంద్రాలో కలిసిపోయిందే ఒకప్పటి సత్యం అని చెప్తే "నిజమా?" అన్నాడు.

సత్యం గురించి అందరూ చెప్పేది ఆడిటర్ల గురించి, దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్ల గురించి. నాకు మాత్రం అందులో చిన్న ఇన్వెస్టర్ చూడగలిగింది ఏమైనా ఉందా అన్నదే ప్రశ్న. గ్రోత్ లెక్కలు చూసినవాడికి ఏమీ దొరికేది కాదు. 2008 మార్చికి ఏడాది ఆదాయం రెండు బిలియన్ డాలర్లు దాటింది. అప్పులు పెద్దగా లేవు, బ్యాంకులో వేల కోట్లు, పీఈ కూడా చవకే. ఆ ఏడాది సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు :) 2008 జులై-సెప్టెంబరు త్రైమాసికానికి చూపించిన ఆపరేటింగ్ మార్జిన్ 24 శాతం, రామలింగరాజు ఉత్తరం ప్రకారం అసలుది 3 శాతం. పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. తర్వాత దర్యాప్తులో తేలింది ఇంకా చిత్రం. ఇన్వాయిసుల సాఫ్ట్‌వేర్‌లోనే ఒక స్టేటస్ ఉంది, అది పెడితే ఆ ఇన్వాయిసు ప్రాజెక్టు వాళ్ళెవరికీ కనపడదు, లెక్కల్లోకి మాత్రం వచ్చేస్తుంది. అలాంటివి ఏడున్నర వేల పైచిలుకు. మనలాంటి ఇంజనీరే ఎవరో కూర్చుని ఆ ఫీల్డు కోడ్ చేసి ఉంటాడు, ఎందుకో ఏంటో తెలియకుండానే కావచ్చు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒకలా ఉంటుంది.

ఇన్ని అంకెలు సృష్టించారు కానీ ఒక అంకె మాత్రం మూడు నెలలకోసారి అందరి ముందూ తగ్గుతూ వచ్చింది. ప్రమోటర్ల వాటా. 2001లో పాతిక శాతం పైన ఉన్నది 2008 మార్చికి తొమ్మిది శాతం లోపుకి వచ్చింది. కంపెనీ ఇంత బాగా పెరుగుతుంటే, కట్టినవాళ్ళ వాటా ఎందుకు కరిగిపోతోంది? ఉద్యోగులకిచ్చిన స్టాక్ ఆప్షన్ల వల్ల కొంత తగ్గొచ్చు, అంత తగ్గదు. ఈ ప్రశ్న అడగడానికి ఎంబీయే అక్కర్లేదు. అడిగినవాళ్ళు తక్కువ.

మిగిలిన వాటాలో ఎక్కువ భాగం తాకట్టులో ఉందన్నది మాత్రం మామూలు ఇన్వెస్టరుకి తెలిసే దారే అప్పట్లో లేదు. 2008 డిసెంబరు 16న మేటాస్ కంపెనీలని 1.6 బిలియన్ డాలర్లకి కొంటామన్నారు, గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు, మర్నాడు షేరు ముప్పై శాతం పడింది. అక్కణ్ణుంచి అప్పిచ్చినవాళ్ళు తాకట్టు షేర్లు అమ్మడం మొదలెట్టారు. జనవరి 7న ఉత్తరం వచ్చిన రోజు 179 దగ్గరున్న షేరు 40 దగ్గరికి చేరింది. ఆ నెలాఖరుకే తాకట్టు వివరాలు బయటపెట్టాలని సెబీ రూలు తెచ్చింది. అంటే ఈరోజు షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో మనకి కనిపించే ఆ తాకట్టు కాలమ్ ఉచితంగా రాలేదు. లక్షలమంది డబ్బు పోతే వచ్చింది. దాన్ని కూడా చూడకుండా కొంటే ఎలా?

"మరి ఇన్ఫోసిస్ల ప్రమోటర్లకు ఎంతుందే? పదమూడు శాతమే గద" అన్నాడు మా వాడు. తెలివైన ప్రశ్నే. ఐటీసీ, ఎల్ అండ్ టీలకైతే అసలు ప్రమోటరే లేడు. కాబట్టి శాతం ఎంతన్నది కాదు, ఎటు పోతోంది, ఎందుకు పోతోంది అన్నది చూడాలి. ఇన్ఫోసిస్ మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2025లో వాళ్ళు 18 వేల కోట్ల బైబ్యాక్ ప్రకటించారు, షేరుకి 1,800. మార్కెట్ రేటు కంటే బాగా ఎక్కువ. అయినా ప్రమోటర్లు ఒక్క షేరు కూడా ఇవ్వమన్నారు. "చూశారా, వాళ్ళకెంత నమ్మకమో" అని చాలామంది మురిసిపోయారు. నమ్మకం ఉండొచ్చు. కానీ 2024 అక్టోబరు నుంచి ఉన్న అప్పటి పన్ను రూలు ప్రకారం బైబ్యాక్‌లో వచ్చిన డబ్బు మొత్తాన్నీ డివిడెండ్‌లా లెక్కేసి పన్నేసేవారు. ఆ స్థాయి ఆదాయం ఉన్నవాళ్ళకి మూడోవంతు పైన అక్కడే పోతుంది. అమ్మకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు. లోపలివాళ్ళు చేసే పనికి మనకి నచ్చిన అర్థం చెప్పుకోవడం ఎంత తేలికో దీన్నిబట్టి చూడండి.

వరంగల్లో ఇంకో రకం పిచ్చి కూడా చూశాను. 2021 జులైలో కిటెక్స్ వాళ్ళు కేరళ నుంచి తెలంగాణకి వస్తున్నారని, కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఫ్యాక్టరీ పెడుతున్నారని వార్త. షేరు కొద్ది రోజుల్లోనే విపరీతంగా ఎగిరింది. మన ఊరికొస్తున్న కంపెనీ అని మావాళ్ళలో ఎప్పుడూ షేరు ముట్టనివాళ్ళు కూడా కొన్నారు. అక్కడ ప్రమోటర్ల వాటా సగానికి పైనే, ఆ విషయంలో అనుమానం లేదు. కానీ అప్పటికి ఉన్నది ఒక ప్రకటన. గోడ లేదు, మిషను లేదు. ఫ్యాక్టరీ లిస్టెడ్ కంపెనీ పేరు మీద వస్తుందా, సబ్సిడరీ పేరు మీదా, దానికి అప్పెంత తెస్తారు అని అడిగినవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు. ఊరి మీద ప్రేమ వేరు, షేరు కొనడం వేరు.

సరే, మళ్ళీ మా వాడి దగ్గరికొద్దాం. ముందు పీఈ అరవై సంగతి తేల్చుదామని ఎక్సెల్ తెరిచాం. ఏటా నలభై శాతం చొప్పున మూడేళ్ళు పెరిగితే లాభం 2.74 రెట్లవుతుంది. వాడు ఎగిరి గంతేశాడు. ఆగరా, అప్పటికీ పీఈ అరవయ్యే ఉంటుందా? పెరుగుదల కాస్త నెమ్మదించి పీఈ పాతికకి దిగితే రేటు ఎంతవుతుంది? 2.74ని పాతికతో గుణించి అరవైతో భాగిస్తే 1.14. అంటే అనుకున్నదంతా అనుకున్నట్టు జరిగినా మూడేళ్ళకి కలిపి పద్నాలుగు శాతం. ఆంధ్రా బ్యాంకులో... సారీ, ఇప్పుడది యూనియన్ బ్యాంకు కదా, అందులో ఎఫ్‌డీ వేసినా అంతకంటే ఎక్కువొస్తుంది. తర్వాత ఐదేళ్ళ లాభాలు కూడి పక్కన, ఐదేళ్ళ ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో కూడి పక్కన పెట్టాం. లాభంలో సగం కూడా నగదుగా రాలేదు. అమ్మినట్టు రాసుకున్నారు, డబ్బు ఇంకా కస్టమర్ల దగ్గరే ఉంది. పెరిగే కంపెనీల్లో ఇది కొంత మామూలే కానీ ఇంత ఉంటే నాకు నిద్రపట్టదు.

ఆ తర్వాత బీఎస్ఈ సైట్లో ఇన్‌సైడర్ ట్రేడింగ్ ప్రకటనలు తీశాం. 2015 రూల్స్ ప్రకారం ప్రమోటర్లు, డైరెక్టర్లు ఒక త్రైమాసికంలో పది లక్షలు దాటి కొన్నా అమ్మినా రెండు ట్రేడింగ్ రోజుల్లో కంపెనీకి చెప్పాలి, కంపెనీ ఇంకో రెండ్రోజుల్లో ఎక్స్ఛేంజికి చెప్పాలి. అన్నీ అక్కడే ఉంటాయి, పైసా ఖర్చులేదు. అందులో "ఏ విధంగా పొందారు" అనే గడి ఒకటుంటుంది, నేను ముందు చూసేది అదే. మార్కెట్లో కొన్నదా, ఈసాప్ కింద వచ్చిందా, ప్రిఫరెన్షియల్ కేటాయింపా, వాళ్ళలో వాళ్ళు మార్చుకున్నదా, గిఫ్టా? మార్కెట్లో కొన్నదైతేనే రెండో ప్రశ్నకి వెళ్ళాలి. కొన్నది ఆయన జీతంతో పోలిస్తే ఎంత?

మా వాడి కంపెనీలో కొన్నది ప్రమోటర్ గారి భార్య పేరు మీద. మార్కెట్లోనే, మూడు దఫాలుగా, మొత్తం కలిపి ముప్పై ఎనిమిది లక్షలు. యాన్యువల్ రిపోర్టులో ఆయన జీతం చూస్తే ఏడాదికి నాలుగు కోట్లు. అంటే ఆయన సుమారు ఐదువారాల జీతం. వీడు పెడతానంటున్నది రెండేళ్ళ పొదుపు. షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ తెరిస్తే ప్రమోటర్ల షేర్లలో 31 శాతం తాకట్టులో ఉన్నాయి. ఏడాది క్రితం 12 ఉండేది.

వాడు ఆ 31 వైపు చూస్తూ కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇది ఏ యూట్యూబోడు చెప్పలేదే" అన్నాడు.

"అయితే అన్నా, ఆరు లక్షలు ఒద్దుగని, ఒక్క లక్ష పెట్టనా?"

ఇంతలో చిన్నమ్మ సకినాలు తెచ్చి ల్యాప్‌టాప్ పక్కకి జరపమంది. లక్ష పెట్టాడో లేదో నేనింకా అడగలేదు. పోయిన వారం ఫోన్ చేసినప్పుడు మాత్రం వారెంటంటే ఏంటో మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.