చలవకని కల్లు తాగితే...

నెల తప్పిందని తెలియగానే బొప్పాయి వద్దు, పైనాపిల్ వద్దు అంటూ ఇంట్లో పెద్ద జాబితానే తయారవుతుంది. అందులో మద్యం ఊసు మాత్రం ఉండదు. మన ఆడవాళ్లు తాగరుగా అన్న ధీమా! తెలంగాణ పల్లెల్లో పండక్కీ పబ్బానికీ ఆడవాళ్లూ కల్లు పుచ్చుకోవడం కొత్తేం కాదు. నగరాల్లో విందుకెళ్తే వైన్ గ్లాసు. ఒకటి చలవ చేస్తుందంటారు, ఇంకోటి ద్రాక్షరసమేగా అంటారు. రెండింట్లోనూ ఉన్నది ఆల్కహాలే.

తల్లి తాగినది మాయ దాటి బిడ్డ రక్తంలోకి చేరుతుంది. దాన్ని వదిలించుకునే శక్తి ఆ చిన్ని కాలేయానికి ఇంకా రాదు. ఎదుగుదల తగ్గడం, పలుచని పైపెదవి, బుద్ధిమాంద్యం... ఇలాంటి పిల్లల్లో కనిపించిన ఈ లక్షణాలకు 1973లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు జోన్స్, స్మిత్ 'ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్' అని పేరుపెట్టారు. ఆ నష్టం జీవితాంతం ఉంటుంది. ఇంతవరకూ తాగితే ఫర్వాలేదని చెప్పే కొలతేదీ లేదు.

అసలు చిక్కు మొదటి వారాల్లోనే. గర్భం నిలిచిన 28 రోజులకల్లా మెదడు, వెన్నుపాములకు పునాది పడిపోతుంది. అప్పటికి కొందరికి గర్భమన్న సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టే రోజునే మద్యం మానేయాలి. శ్రీవారు కూడా! అతిగా తాగితే వీర్యకణాలు దెబ్బతింటాయి. పైగా ఇంట్లో సీసా లేకపోతే ఆమెకూ మానడం తేలిక.

తెలియక తాగినవాళ్లు బెంగపడక్కర్లేదు. వెంటనే ఆపేసి, డాక్టరు దగ్గర దాచకుండా చెప్పాలి. రోజూ తాగే అలవాటున్నవాళ్లయితే వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.